జాయ్ డివిజన్ సౌండ్‌లో ఒక తెలుగు పాట: నా అనుభవం

డార్క్ రాక్ అనగానే మనవాళ్లలో చాలామందికి మెటల్ గుర్తొస్తుంది. గిటార్ల హోరు, గొంతు చించుకునే అరుపులు. నేను చెప్పబోయే బ్యాండ్ ఆ కోవలోది కాదు. 1970ల చివర్లో మాంచెస్టర్ చుట్టుపక్కల పుట్టిన జాయ్ డివిజన్ గురించి రాస్తున్నాను. వాళ్ల రికార్డుల్లో హోరు తక్కువ, ఖాళీ ఎక్కువ. ఆ పాటల చీకటంతా ఆ ఖాళీలోంచే వస్తుందని వింటున్నంత కాలం నాకు తెలియలేదు. నలుగురం కూర్చుని అదే పద్ధతిలో ఒక తెలుగు పాట తయారుచేస్తేగానీ బోధపడలేదు. ఆ పని ఎలా సాగిందో వివరంగా చెబుతాను. ఇలాంటి ప్రయత్నం చేయాలనుకునేవాళ్లకు కొన్ని సంగతులైనా పనికొస్తాయి.

నేను ఉద్యోగరీత్యా స్టాక్‌పోర్ట్‌లో ఉంటున్నాను. మాంచెస్టర్ నుంచి రైలెక్కితే పది నిమిషాల్లో వచ్చేస్తుంది. ఊళ్లో వాటర్‌లూ రోడ్ మీద పాత భవనం ఒకటుంది. దాని గోడకి, చరిత్ర ఉన్న చోటని చెప్పే నీలం ఫలకం. ఒకప్పటి స్ట్రాబెర్రీ స్టూడియోస్ అదే. జాయ్ డివిజన్ మొదటి ఆల్బమ్ 'అన్‌నోన్ ప్లెజర్స్' 1979 ఏప్రిల్‌లో అక్కడే రికార్డయింది. స్టూడియో 1993లో మూతపడింది. కాలేజీ రోజుల్లో గుంటూరు హాస్టల్లో ఎవరో కాపీ చేసిచ్చిన పాటలుగా విన్న ఆల్బమ్ నేనుంటున్న ఊళ్లోనే పుట్టిందని తెలిశాక ఊరుకోలేకపోయాను.

వాళ్ల కథ పొట్టిది. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాల్‌లో సెక్స్ పిస్టల్స్ అనే పంక్ బ్యాండ్ కచేరీ జరిగింది. సాల్ఫర్డ్ కుర్రాళ్లు బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ దానికి వెళ్లారు. హుక్ మర్నాడే వాళ్లమ్మ దగ్గర 35 పౌండ్లు అప్పు తీసుకుని బేస్ గిటార్ కొన్నాడు. సమ్నర్ గిటార్ పట్టాడు. పాడటానికి ఇయాన్ కర్టిస్ వచ్చాడు. 1977 ఆగస్టులో డ్రమ్స్‌కి స్టీఫెన్ మోరిస్ చేరాడు. ఇయాన్, స్టీఫెన్ ఇద్దరిదీ మాక్లెస్‌ఫీల్డ్. మొదట్లో బ్యాండ్ పేరు వార్సా, 1978 మొదట్లో జాయ్ డివిజన్ అయింది. 1980 మే 18న ఇయాన్ చనిపోయాడు, ఆ పేరు అక్కడితో ఆగిపోయింది. మొత్తం రెండు ఆల్బమ్‌లు, కొన్ని సింగిల్స్. మిగిలిన ముగ్గురూ న్యూ ఆర్డర్ పేరుతో ఇంకో దారి పట్టారు. జాయ్ డివిజన్ రోజుల్లో వాళ్లు సంగీతంతో పాటు చాలాకాలం ఉద్యోగాలూ చేసుకున్నారు. హుక్ డాక్స్ ఆఫీసులో, సమ్నర్ యానిమేషన్ స్టూడియోలో పనిచేసేవాళ్లు. ఇయాన్ ఉపాధి కార్యాలయంలో దివ్యాంగులకు పనులు చూసిపెట్టేవాడు. పొద్దంతా ఆఫీసు, రాత్రి ప్రాక్టీసు. మా నలుగురి పరిస్థితీ అదే కాబట్టి ఆ విషయం నాకు చాలా ధైర్యమిచ్చింది.

మా నలుగురంటే, బేస్ నేను. గిటార్ వాయించేది మా ఆఫీసులో పనిచేసే వరంగల్ అబ్బాయి. డ్రమ్స్‌కి మాస్టర్స్ చదవడానికి వచ్చిన విజయవాడ తమ్ముడు. పాడింది మా వీధి చివర ఉండే అక్క. ఆవిడది తెనాలి దగ్గర పల్లెటూరు, ఇక్కడ ఆసుపత్రిలో నర్సు. చిన్నప్పుడు లలిత సంగీతం నేర్చుకుంది, ఉగాదికి ఇక్కడి తెలుగువాళ్లందరూ కలిసినప్పుడు ఆవిడ పాట ఉండాల్సిందే.

అక్కకి జాయ్ డివిజన్ గురించి చెప్పగానే ఆ పేరు ఎక్కడిదని అడిగింది. నాజీ నిర్బంధ శిబిరాల్లో ఖైదీ స్త్రీలను లైంగిక బానిసలుగా ఉంచిన చోటికి ఒక నవలలో పెట్టిన పేరది. ఆ విషయం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "వాళ్ల సంగీతం నేర్చుకుందాం తమ్ముడూ, తప్పులేదు. ఆ పేరు మాత్రం మన పోస్టర్ మీద గానీ, పాట వివరాల్లో గానీ ఉండకూడదు" అంది. ఆ పేరు పెట్టుకోవడం నాకూ ఎప్పుడూ నచ్చలేదు. ఆవిడ మాటే ఖాయం చేశాం.

మొదటి పని వినడం. మామూలుగా వినడం కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒకసారి డ్రమ్స్ మాత్రమే, ఇంకోసారి బేస్ మాత్రమే, ఆ తర్వాత గిటార్. నోట్‌బుక్‌లో గళ్లు గీసి ఏ వాద్యం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతోందో నింపుకుంటూ పోయాను. పేజీ నిండుతుందనుకుంటే సగం గళ్లు ఖాళీగానే ఉండిపోయాయి. గిటార్ రెండు గీతలు గీసి తప్పుకుంటుంది. గొంతు వస్తే గిటార్ ఉండదు. డ్రమ్స్ ఆపకుండా నడుస్తాయి గానీ తాళాలు, అంటే సింబల్స్, చాలాచోట్ల వినిపించవు. నలుగురూ ఒకేసారి వాయించే చోట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఈ పేజీ చూపించాక మా గిటార్ అబ్బాయి ముఖం చిన్నబోయింది. "అయితే నేను పాటలో సగం సేపు చేతులు ముడుచుకుని నిల్చోవాలా అన్నా?" అన్నాడు. అవునన్నాను.

బేస్ దగ్గర నేను ఎక్కువ కాలం గడిపాను. ఈ సౌండ్‌కి ప్రాణం అక్కడే ఉంది కాబట్టి ఆ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మామూలుగా రాక్ బ్యాండ్‌లో బేస్ అడుగున ఉంటుంది, పాటని కింద నుంచి మోస్తుంది. హుక్ దాన్ని పైకి తీసుకొచ్చాడు. కారణం చాలా మామూలుది. అతని యాంప్, అంటే శబ్దం పెంచే పెట్టె, నాసిరకం, పక్కన సమ్నర్ గిటార్ గట్టిగా మోగుతుండేది. మంద్రంలో వాయిస్తే తనది తనకే వినపడేది కాదట. సన్నటి తీగల మీద, మెడ కింది భాగంలో వాయిస్తే వినపడింది. ఇయాన్ అది విని అలాగే వాయించమన్నాడు. దాంతో పాటలోని ట్యూన్ బేస్ చేతికొచ్చింది, గిటార్ పక్కకి జరిగింది. లేమిలోంచి వచ్చిన పద్ధతి ఆ బ్యాండ్ గుర్తుగా నిలిచిపోయింది.

మా పాట డి మైనర్ స్కేల్‌లో. నేను చేసిందేమిటంటే, డి తీగని నొక్కకుండా వదిలేసి మోగనిస్తూ, దాని పక్కనున్న సన్నటి జి తీగ మీద ట్యూన్ వాయించాను. 7, 10, 12, 14 ఫ్రెట్లు (మెడ మీది మెట్లు), అంతే. నాలుగు స్వరాలు. ఖాళీ డి తీగ మన తంబురా శ్రుతిలా కింద మోగుతూనే ఉంటుంది, పైన ట్యూన్ నడుస్తుంది. వేళ్లతో మీటితే ఈ సౌండ్ రాదు, ప్లెక్ట్రమ్, అంటే తీగలు మీటే చిన్న బిళ్ల, కావాలి. అదీ తీగలు కింద ఆనుకునే బ్రిడ్జ్ దగ్గరగా, కిందికి మాత్రమే కొట్టాలి. అప్పుడే ఆ గరుకుదనం వస్తుంది. చెయ్యి బాగా నొప్పిపుడుతుంది. నిమిషానికి 132 దెబ్బల టెంపోలో మూడున్నర నిమిషాలు కిందికే కొట్టడం అలవాటయ్యేవరకు మణికట్టుకి రోజూ ఐస్ పెట్టుకున్నాను. హుక్ తర్వాతి రికార్డుల్లో కోరస్ పెడల్ వాడాడు. దానివల్ల తీగ నాదం రెండుగా చీలి, కాస్త అలలాడుతూ వినిపిస్తుంది. నేనూ అలాంటి పెడలే ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. దాని నాబ్ సగం కంటే పైకి తిప్పితే పాట మరీ తియ్యగా అయిపోతుంది. తొమ్మిది గంటల స్థానంలో ఉంచితే సరిపోయింది.

బేస్ పైకి వెళ్లిపోతే అడుగున ఎవరుంటారు? అసలు కిటుకు ఇదే. అక్కడ ఎవరూ ఉండరు. కాలితో వాయించే కిక్ డ్రమ్, నేల మీద నిలబెట్టే పెద్ద డ్రమ్ ఫ్లోర్ టామ్ మాత్రం వచ్చి వెళుతుంటాయి. కాళ్ల కింద నేల లేనట్టు అనిపించే ఆ భావన ఇక్కడి నుంచే వస్తుంది. మైనర్ స్వరాలు, బరువైన మాటలు ఏ పాటలోనైనా ఉండొచ్చు. ఈ ఖాళీ మాత్రం కావాలని వదిలితేనే ఉంటుంది.

ఇక డ్రమ్స్. 'అన్‌నోన్ ప్లెజర్స్' ప్రొడ్యూసర్, అంటే రికార్డింగ్ నడిపించినవాడు, మార్టిన్ హానెట్. కెమిస్ట్రీ చదివినవాడు, శబ్దం విషయంలో మహా పట్టుదల మనిషి. డ్రమ్ కిట్‌లో ఒకదాని శబ్దం ఇంకోదాని మైక్‌లో పడకూడదన్నాడు. కొన్ని పాటలకు మోరిస్ చేత ఒక్కో డ్రమ్‌నీ విడిగా వాయించి రికార్డ్ చేయించాడు. ఎందుకంటే, స్నేర్ (టపటపమని పదునుగా మోగే చిన్న డ్రమ్) మైక్‌లో హైహ్యాట్ (స్టాండ్ మీది జంట సింబల్స్) కూడా పడితే, రేపు స్నేర్‌కి డిలే, అంటే కాస్త ఆలస్యంగా వచ్చే ప్రతిధ్వని, పెట్టినప్పుడు హైహ్యాట్‌కి కూడా ఆ డిలే అంటుకుంటుంది. అంతా కలిసి బురదైపోతుంది. విడివిడిగా ఉంటే స్నేర్‌ని ఒక పెద్ద హాల్లో, కిక్‌ని ఒక చిన్న గదిలో ఉన్నట్టు వినిపించొచ్చు. ఒకే మనిషి ఒకేసారి రెండు చోట్ల వాయిస్తున్నట్టుంటుంది. వింటున్నవాడికి కారణం తెలియదు గానీ ఏదో తేడాగా ఉందని లోపల కలవరం మొదలవుతుంది.

మేం పాత మిల్లులో ప్రాక్టీసు గది అద్దెకు తీసుకున్నాం. ఇక్కడ మూతపడ్డ నూలు మిల్లులు కొన్ని ఇలాంటి గదులుగా మారాయి. ముందు కిక్ ఒక్కటే అనుకున్నాం. తమ్ముడు కూర్చుని రెండు నిమిషాలు ప్రయత్నించి కర్రలు కింద పెట్టేశాడు. "చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టుందన్నా. చేతులు ఆడకపోతే కాలు ఎక్కడ పడాలో తెలియట్లేదు" అన్నాడు. దానికి ఉపాయం వాడే కనిపెట్టాడు. స్నేర్ మీద, టామ్స్ మీద మందపాటి తువ్వాళ్లు పరిచి, హైహ్యాట్ తీసేసి దాని స్థానంలో స్పాంజి ముక్క కట్టాడు. మొత్తం పాట వాయిస్తాడు, మైక్‌లోకి కిక్ మాత్రమే వెళుతుంది. తర్వాత కిక్ మీద దుప్పటి కప్పి స్నేర్, ఆ తర్వాత ఫ్లోర్ టామ్. సింబల్స్ అసలు వాడలేదు. సింబల్ మోత నాలుగు సెకన్లు సాగి ఖాళీలన్నీ నింపేస్తుంది, అందుకని దాని జోలికే పోలేదు.

హైహ్యాట్ చేసే పనికి ఇంకేదో కావాల్సి వచ్చింది. 'షీజ్ లాస్ట్ కంట్రోల్' పాట కోసం మోరిస్ మూసిన గదిలో స్ప్రే డబ్బా నొక్కుతూ ఆ బుస్సుమనే చప్పుడుని తాళంలో కలిపాడు. హానెట్ స్టూడియో లిఫ్ట్ శబ్దాన్నీ, గాజు పగిలే చప్పుడునీ ఆల్బమ్‌లోకి తెచ్చాడు. మాకు దొరికింది బస్సు. హేజెల్ గ్రోవ్ నుంచి స్టాక్‌పోర్ట్ మీదుగా మాంచెస్టర్ వెళ్లే 192 నంబర్ బస్సు ఈ ప్రాంతం వాళ్లందరికీ తెలిసిందే. అక్క డ్యూటీ నుంచి ఆ బస్సులోనే ఇంటికొస్తుంది. తలుపు మూసుకునేటప్పుడు గాలి వదిలే చప్పుడుని ఆవిడ ఫోన్‌లో రికార్డ్ చేసి పంపింది. దాన్ని పావు సెకనుకి కత్తిరించి, ప్రతి నాలుగో దెబ్బ దగ్గర పెట్టాం. పాటంతా అదే మా హైహ్యాట్.

గిటార్, సింథసైజర్ పని తొందరగానే తేలింది. సమ్నర్ తన సింథసైజర్‌ని కిట్ తెచ్చుకుని సొంతంగా సోల్డరింగ్ చేసి తయారుచేసుకున్నాడు. మాకు లాప్‌టాప్‌లో అన్నీ ఉన్నాయి, పైగా ఎక్కువైపోయాయి. అందుకే ఒక్క స్ట్రింగ్స్ సౌండ్ ఎంచుకుని మిగతావన్నీ మూసేశాం. గిటార్ రెండు చోట్ల మాత్రమే మోగుతుంది. వరంగల్ తమ్ముడు మొదట నొచ్చుకున్నా, ఆ రెండు చోట్లూ వచ్చినప్పుడు అందరి చెవులూ గిటార్ మీదే పడుతున్నాయని గమనించాక తనే ఇంకొంచెం తగ్గించాడు.

పాట మాటలు అక్కవే. ఇయాన్ పాటల్ని చదవమని ఇచ్చాను. చదివాక ఆవిడ మాటల కంటే ముందు అతని జబ్బు గురించి అడిగింది. 1979 జనవరిలో అతనికి మూర్ఛ వ్యాధి ఉన్నట్టు తేలింది. 'షీజ్ లాస్ట్ కంట్రోల్' రాసింది కూడా తన ఆఫీసుకు వచ్చే, మూర్ఛతో బాధపడిన ఒక అమ్మాయి గురించే. ఆ అమ్మాయి చనిపోయింది. తర్వాత అదే జబ్బు అతనికి వచ్చింది. మందులు, వరుస కచేరీలు, రాత్రి ప్రయాణాలు, కళ్లలో పడే లైట్లు. కొన్నిసార్లు స్టేజి మీదే ఫిట్స్ వచ్చేవి. అతను చేసే డ్యాన్స్‌కి, ఫిట్స్‌కి తేడా చూసేవాళ్లకు తెలిసేది కాదు. అమెరికా టూర్‌కి బయల్దేరాల్సిన ముందురోజు ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి 23 ఏళ్లు.

"నిద్ర లేకపోవడం ఫిట్స్ ఉన్నవాళ్లకు మొదటి శత్రువు" అంది అక్క. "ఆ పిల్లాడికి కావాల్సింది విశ్రాంతి, సరైన వైద్యం, పక్కన కూర్చుని మాట్లాడే మనిషి. చావుని పట్టుకుని గొప్ప కళ అనేవాళ్ల మాట నేను వినలేను." నాదీ అదే అభిప్రాయం. అతని చావుకి అందం పూసే రాతలు నేనూ చాలా చదివాను. అవి చదివినప్పుడల్లా కోపమొస్తుంది. ఆ పాటల్లో గొప్పదనం అతను బతికుండగా పడ్డ శ్రమది. మన చుట్టూ ఎవరైనా అలాంటి బాధలో ఉంటే దాన్ని పాటగా వినడం కాదు, మనిషిని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. మా బ్యాండ్‌లో ఆ రోజు నుంచి ఒక నియమం ఉంది. అక్క నైట్ డ్యూటీ చేసిన మర్నాడు ప్రాక్టీసు ఉండదు.

మాటల విషయంలో ఆవిడ మొదటి ప్రతిలో వెన్నెల, విరహం లాంటివి ఉండేవి. అవన్నీ తనే కొట్టేసింది. డ్యూటీ అయ్యాక తెల్లవారుజామున బస్టాపులో నిలబడటం గురించి రాసింది:

మొదటి బస్సు రాలేదు
అద్దం మీద చెమ్మ
ఊరి పేరు రాశాను
నేనే తుడిచేశాను

పాడేటప్పుడు రెండు ఇబ్బందులు వచ్చాయి. తెలుగు మాటలు ఎక్కువగా అచ్చులతో ముగుస్తాయి కాబట్టి గొంతు దానంతటదే సాగదీస్తుంది. 'రాలేదూ...' అని రెండు సెకన్లు లాగితే వెనకాల వదిలిన ఖాళీ నిండిపోతుంది. ప్రతి చివరి అచ్చునీ పలికి వెంటనే ఆపేయాలి. రెండోది గమకం. ఏళ్ల తరబడి నేర్చుకున్న గొంతు స్వరం మీద నిలబడదు, ఊగుతుంది. ఇయాన్ పాడేది ఊగకుండా, తన సహజమైన శ్రుతి కంటే దించి, మాట్లాడుతున్నట్టు. అక్కకి మామూలు శ్రుతి కంటే రెండు మెట్లు కిందికి దించాం. మైక్‌కి బాగా దగ్గరగా నిలబెట్టాం. "గట్టిగా పాడకు అక్కా, పక్క మంచం పేషెంట్ నిద్రలేవకుండా చెప్పు" అన్నాడు విజయవాడ తమ్ముడు. ఆ మాట పనిచేసింది. ఆవిడ రోజూ చేసే పనే అది. ఒక్కసారిగా గొంతు కుదిరింది. మూడో చరణంలో 'తుడిచేశాను' దగ్గర మాత్రం ఒక చిన్న గమకం దానంతటదే పడింది. అది ఉంచేశాం. ఆ పాటలో నాకు అన్నింటికంటే ఇష్టమైన చోటు అదే.

రికార్డింగ్ అయ్యాక మిక్సింగ్‌కి, అంటే విడివిడి శబ్దాల్ని కలిపి ఒక పాటగా సర్దడానికి, ఒకాయనకి ఇచ్చాం. పని బాగా తెలిసినవాడు, డబ్బు ముందే తీసుకున్నాడు. మూడు వారాల తర్వాత వచ్చిన పాట విని నలుగురం ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నాం. ఖాళీలన్నీ నింపేశాడు. వెనకాల సాగే సింథసైజర్ స్వరాలు వేశాడు, సింబల్స్ చేర్చాడు, బేస్ కింద ఇంకో బేస్ పెట్టాడు, అక్క గొంతుని ఆటోట్యూన్‌తో నున్నగా చేశాడు. "లేకపోతే బోసిగా ఉంది కదా" అన్నాడు. బోసిగా ఉండటమే మాకు కావాల్సింది అని ఎంత చెప్పినా వినిపించుకోలేదు. ఇచ్చిన డబ్బు వదులుకుని ఫైళ్లు వెనక్కి తెచ్చుకున్నాం.

జాయ్ డివిజన్‌కీ ఇలాంటిదే జరిగింది. 1978 మేలో ఒక ఆల్బమ్‌కి సరిపడా పాటలు రికార్డ్ చేశారు, అది ఆర్‌సీఏ అనే రికార్డు కంపెనీకి వెళ్లాల్సింది. దాని ప్రొడ్యూసర్లు వీళ్లకు ఇష్టం లేకుండా సింథసైజర్లు చేర్చారు. బ్యాండ్ ఆ రికార్డింగ్‌ని వద్దనుకుని బయటికొచ్చేసింది. ఆ రోజుల్లోనే సొంత డబ్బుతో వేసుకున్న 'యాన్ ఐడియల్ ఫర్ లివింగ్' సంగతి ఇంకోటి. చిన్న ఏడు అంగుళాల రికార్డు మీద నాలుగు పాటలు ఇరికించేసరికి గాడులు సన్నబడి శబ్దం నీరసపడిపోయింది. తర్వాత అదే పాటల్ని పన్నెండు అంగుళాల రికార్డు మీద మళ్లీ వేశారు. శబ్దానికి జాగా కావాలన్న మాట వాళ్లకు రికార్డు గాడుల్లోనే తెలిసొచ్చింది.

ఆ తర్వాతే వాళ్లు ఫ్యాక్టరీ రికార్డ్స్‌కి వెళ్లారు. 1978లో టీవీ వ్యాఖ్యాత టోనీ విల్సన్, అలన్ ఎరాస్మస్ మాంచెస్టర్‌లో పెట్టిన చిన్న సంస్థ అది. ఖర్చులు పోగా లాభం సగం సగం, పాటల మీద హక్కు కళాకారులదే. లండన్ కంపెనీలు ఆ రోజుల్లో కొత్త బ్యాండ్‌కి ఇచ్చే వాటాతో దీనికి పోలికే లేదు. 1979 జూన్‌లో 'అన్‌నోన్ ప్లెజర్స్' మొదటి ముద్రణ 10,000 కాపీలు. అట్ట మీద డిజైనర్ పీటర్ సావిల్ నల్ల రంగు మీద తెల్ల గీతలు పెట్టాడు. 1967లో జోసెలిన్ బెల్ కనిపెట్టిన మొదటి పల్సర్ (క్రమం తప్పకుండా రేడియో సంకేతాలు పంపే నక్షత్రం) సంకేతాల గీతలవి. బ్యాండ్ పేరు ముందు వైపు లేనే లేదు. కొత్త బ్యాండ్‌కి పెద్ద కంపెనీ ఏదైనా దీనికి ఒప్పుకునేదా అన్నది అనుమానమే. మన కుర్రాళ్లు కూడా ఇప్పుడు ఆ టీషర్టు వేసుకుంటున్నారు. అవి కొండలనుకునేవాళ్లు చాలామందే.

ఆశ్చర్యమేమిటంటే హానెట్ చేసిన రికార్డు హుక్‌కీ, సమ్నర్‌కీ అప్పట్లో నచ్చలేదు. స్టేజి మీద తాము ఎంత గట్టిగా వాయిస్తారో అదే రికార్డు మీద ఉండాలనుకున్నారు. హానెట్ అంతా చల్లగా, దూరంగా చేసేశాడని నిరాశపడ్డారు. అయినా రెండో ఆల్బమ్ 'క్లోజర్'ని 1980 మార్చిలో లండన్‌లోని బ్రిటానియా రో స్టూడియోస్‌లో మళ్లీ అతనితోనే చేశారు. నా వరకు ఆ రెండో ఆల్బమే వాళ్ల శిఖరం. మొదటిదాంట్లో హానెట్ పద్ధతి బ్యాండ్ మీద వేసినట్టుంటుంది, రెండోదాంట్లో బ్యాండే ఆ పద్ధతిలో ఆలోచించి పాటలు కట్టింది.

మిక్సింగ్ ఇక మేమే చేసుకున్నాం. హానెట్ దగ్గర బర్న్‌లీలో తయారైన ఏఎంఎస్ డిజిటల్ డిలే ఉండేది, అప్పటికి సరికొత్త యంత్రం. అది చేసే పని ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్‌లో దొరుకుతుంది. స్నేర్‌కి 40 మిల్లీసెకన్ల డిలే, ఒక్కటే ప్రతిధ్వని. శబ్దం ఆ వ్యవధిలో దాదాపు 14 మీటర్లు ప్రయాణిస్తుంది, అంటే ఏడు మీటర్ల దూరంలో గోడ ఉండి దెబ్బ తగిలి తిరిగొచ్చినట్టు. ఆ ప్రతిధ్వనిలో పై ఫ్రీక్వెన్సీలు కోసేస్తే గోడ తడిగా, చల్లగా ఉన్నట్టు అనిపిస్తుంది. కిక్‌కి ఏమీ పెట్టలేదు. అక్క గొంతుని మా ఇంటి మెట్ల కింద స్పీకర్‌లో మోగించి, పై అంతస్తులో మైక్ పెట్టి మళ్లీ రికార్డ్ చేశాం. అసలు గొంతు ముందు, మెట్ల గొంతు వెనకాల చాలా సన్నగా. బేస్‌ని మధ్యలో పెట్టి, గిటార్‌ని పూర్తిగా కుడి చెవిలోకి నెట్టేశాం. ఎడమ చెవి పాటలో ఎక్కువ భాగం ఖాళీ. బస్సు తలుపు మాత్రం అక్కడ ఉంటుంది.

పాట విడుదలకు ఏ కంపెనీ దగ్గరికీ వెళ్లలేదు. నలుగురికీ సమాన వాటా అని ఒక కాగితం రాసుకుని సంతకాలు చేశాం. ఫ్యాక్టరీ వాళ్లు కాగితాల విషయాన్ని మరీ తేలిగ్గా తీసుకునేవాళ్లు. 1992లో ఆ సంస్థ దివాలా తీసింది. స్నేహితుల మధ్యే కదా అని వదిలేయకుండా, పాట హక్కు ఎవరిది, ఖర్చు ఎవరు పెట్టారు అన్నవి మొదట్లోనే రాసుకోవడం మంచిది. మాది ఒక పేజీ, తెలుగులోనే రాసుకున్నాం.

ఇప్పుడు పబ్‌లో వాయించే అవకాశం వచ్చింది, దానికి ప్రాక్టీసు చేస్తున్నాం. రికార్డులో విడివిడిగా వాయించిన డ్రమ్స్‌ని తమ్ముడు ఇప్పుడు ఒక్కసారిగా వాయించాలి. ఈ పనికి నేను మళ్లీ జాయ్ డివిజన్ దగ్గరికే వెళ్లాను. 1979 డిసెంబర్ 18న పారిస్‌లోని లే బాన్ దూష్‌లో వాళ్లు ఇచ్చిన కచేరీ రికార్డింగ్ దొరుకుతుంది. ఆల్బమ్‌లో చల్లగా, దూరంగా వినిపించే పాటలే అక్కడ మంటలా ఉంటాయి. మోరిస్ చేతులు క్షణం ఆగవు, బేస్ ఒరుసుకుపోతుంది, సమ్నర్ గిటార్ గట్టిగా మోగుతుంది. హుక్, సమ్నర్ ఆల్బమ్ విని ఎందుకు నిరాశపడ్డారో అది విన్నాక అర్థమైంది. పబ్‌లో మేం ఆ దారిలోనే వెళ్లాలనుకుంటున్నాం. సింబల్స్ తిరిగొస్తాయి, గిటార్ అబ్బాయికి పాట పొడుగునా పని ఉంటుంది. బేస్ మాత్రం పైనే ఉంటుంది. బస్సు తలుపు చప్పుడు కోసం తమ్ముడు, కొడితే ఆ రికార్డింగ్ మోగే ఎలక్ట్రానిక్ ప్యాడ్ ఒకటి కొనుక్కున్నాడు. అక్క డ్యూటీల పట్టిక వచ్చాక తేదీ ఖాయం చేస్తాం.